సగం సీసా

మూడేళ్ళు దాటని పిల్లలకు టికెట్టు లేదని
కిటికీ పక్కన రాసుంది.
వీరేశుకు నాలుగు నిండి నెలైంది.
"రెండున్నర" అన్నాను, ఏమాత్రం తడబడకుండా.
"నాలుగు. అంగన్‌వాడీలో రాసుకున్నారు" అంది జోషిత,
మూడో తరగతి సత్యవంతురాలు.
నూరు రూపాయలు తీసిచ్చాను.

పత్తికొండలో చీకటితో బస్సెక్కి,
డోనులో మారి, బేతంచర్ల నాపరాళ్ళ దుమ్ము మింగి,
బనగానపల్లెలో టీ తాగి
ఔకు చేరేసరికి పదయింది.
పడవ తిప్పేది గంట.
నేను సర్దుకొచ్చింది మూడు దినాలకు.
చిత్రాన్నం, వాంతికి నిమ్మకాయలు, వాడికి రెండు జతలు,
ఒక దుప్పటి, ఎందుకో టార్చిలైటు.
ఎప్పుడూ పడవెక్కని దాన్ని,
పడవలో ఏం అవసరమొస్తుందో నాకేం తెలుసు?

మద్దిలేటి మాత్రం చేతులూపుకుంటూ వచ్చాడు.
పదమూడేళ్ళుగా బోరు లారీ మీద పని.
కంప్రెసరు మోతకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది,
అందుకని ఇంట్లో అందరం ఆయన కుడి పక్కే కూర్చుంటాం.
ఆయనకు నీళ్ళంటే కిందుండేవి.
రెండొందల అడుగులకు ఎర్రమట్టి,
ఐదొందలకు బూడిదలాంటి రాతిపొడి,
తొమ్మిదొందలకు
రైతు మొహం.

ఇక్కడేమో ఎవరూ తవ్వకుండానే
కొండ అంచు దాకా, పైనే, పడుకుని ఉన్నాయి.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.

"ఎంత లోతుంటాది బ్బా?" అనడిగాడు పడవ నడిపే మాబువలిని.
"ఎనభై అడుగులుంటాదన్నా, నడిమధ్యన."
"అంతేనా!" అని నవ్వబోయాడు.
ఇంజను దడదడమనగానే
ఆ నవ్వును అట్లే నోట్లో పెట్టుకుని
రెండు చేతుల్తో కమ్మీ పట్టుకున్నాడు.
ఇరవై అడుగుల రాడ్లు ఎత్తి బిగించే చేతులు.
"ఏం లే, ఎండ" అన్నాడు, నేనేం అడగకముందే.

లైఫ్ జాకెట్టు వీరేశు మోకాళ్ళ దాకా వచ్చింది.
వాడు నీళ్ళ వైపే చూడలేదు.
క్లిప్పు తీయడం, పెట్టడం, టక్కు, టక్కు.
జోషిత లెక్క కడుతోంది:
వారానికి రెండుసార్లు ట్యాంకరు,
ఇంటికి ఎనిమిది బిందెలు, వీధికి నలభై ఇళ్ళు...
వేళ్ళు చాలక ఆపేసింది.
"అంకుల్, ఇవన్నీ ఎవురి నీళ్ళు?"
"నాకు డీజిలు లెక్కయితే తెలుసు పాపా."

సరిగ్గా నడిమధ్యన,
రెండు ఒడ్లూ సన్నగీతలైన చోట
వీరేశు కాళ్ళు దగ్గరికి చేర్చి నన్ను చూశాడు.
తల్లులందరికీ తెలిసిన చూపు.
"నీళ్ళలోకే పోయించక్కా" అన్నాడు మాబువలి.
"తాగే నీళ్ళు!" అని అరిచింది జోషిత.
ఇక మిగిలింది సీసా.
సీసాలో సగం నీళ్ళున్నాయి.

పారబోస్తే అయిపోయేది.
మూత తీసి, పడవ అంచు దాటించి చేయి చాపాను కూడా.
వంచలేకపోయాను.
చుట్టూ అన్ని నీళ్ళు, వాటిలోకి ఈ గుక్కెడు
వంచలేకపోయాను.
మద్దిలేటి నన్ను కాదు, సీసానే చూస్తున్నాడు.
కమ్మీ వదిలి లాక్కున్నాడు, గటగటా తాగాడు,
జోషితకిచ్చాడు, అది తాగి నాకిచ్చింది.
"తొందరగా, తొందరగా" అని వాడు గెంతుతుంటే
చివరి గుక్క మింగబోయి నవ్వొచ్చి
సగం ముక్కులోకి పోయింది.
మాబువలి ఇంజను ఆపి మరీ చూశాడు,
ఈళ్ళెవరు రా నాయనా అన్నట్టు.

పని అయ్యాక వాడు క్లిప్పు దగ్గరికి పోయాడు.
మద్దిలేటి మళ్ళీ కమ్మీ పట్టుకోలేదు. మర్చిపోయాడు.

ఇంటికొచ్చి సీసా మూడుసార్లు కడిగాను.
కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకు పోశాను.
మిద్దె మీద పడుకుంటే
"ఇంకా కదుల్తాంది" అన్నాడాయన.
నాకూ కదుల్తూనే ఉంది,
చాప, గోడ, సున్నం రాలిన పిట్టగోడ మీది చుక్కలు.
తెల్లారితే ఆస్పరిలో బోరు, ఆ రైతుకు మూడోది.
"ఎనభై అడుగులు" అని ఒక్కసారి తనలో తనే అనుకుని
వినబడే చెవిని దిండుకు ఆనించి
అటు తిరిగి పడుకున్నాడు.