ఏమవుతారు?

వియత్నాం వెళ్ళాల్సిన సంచులివి.
ఒక్కోటి ఇరవై నాలుగు వందలు,
వానకి తడవని గుడ్డ, నడుముకో బెల్టు,
నీళ్ళసీసాకి పక్కన జేబు.
సుభాని పాస్‌పోర్టు పోలీస్‌స్టేషన్‌లో ఏదో కాగితం కింద ఆగిపోయింది.
మిగతా ముగ్గురం వెళ్ళొచ్చు.
వెళ్ళలేదు.
"డెల్టాయే కదా కావాలి, మనకీ ఒకటుంది" అంది మార్త.
ఆ మాట మీద రైలెక్కేశాం.

నరసాపురంలో పట్టాలు అయిపోతాయి.
ఇక ఏం చేయాలో తోచనట్టు ఇంజను నిలబడుతుంది.
పదకొండింటికి దిగాం, రోహిణి కార్తెలో.
రోళ్ళు పగులుతాయంటారు,
రోళ్ళ సంగతి నాకు తెలీదు,
నా చెప్పు అడుగు మాత్రం
స్టేషన్ రోడ్డు తారుకి అంటుకుని ఉండిపోయింది.
హవాయి చెప్పులు కొనుక్కున్నాక కూడా
కొండబాబు దాన్ని పారేయనివ్వలేదు.
సంతలో చేప కొన్నవాడిలా
వేలికి తగిలించుకుని ఊరంతా తిప్పాడు.

"ఏం అమ్ముతున్నారమ్మా?"
అరుగు మీంచి అడిగింది లేసులల్లే ఆవిడ.
కళ్ళు దారం మీదే, కొక్కెం ఆగలేదు.
ఏమీ అమ్మట్లేదండీ.
"మరా మూటలెందుకు?"
చూడ్డానికొచ్చాం.
"ఎవర్ని?"
ఊరిని.
అప్పుడాగింది కొక్కెం.
మమ్మల్ని, సంచుల్ని, ఎండని వరసగా చూసి
లోపలికి కేకేసింది:
"ఒరేయ్, నాలుగు గ్లాసులు మజ్జిగ పట్రా,
వీళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు, పాపం."

లాడ్జి గుమాస్తా పొడుగు పుస్తకం తెరిచాడు.
మార్త, సుభాని, కొండబాబు, నేను.
పేర్ల మీద వేలు పైకీ కిందకీ నడిపాడు,
కూడిక తేలనట్టు.
"మీరు నలుగురూ ఒకరికొకరు ఏమవుతారు?"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా కనబడ్డాయి.

ఒకే మెస్సులో నీళ్ళ పప్పు తిన్నవాళ్ళం.
మార్త నాన్న పోయిన రాత్రి
ఆసుపత్రి మెట్ల మీద వరసగా కూర్చున్నవాళ్ళం.
కొండబాబుకి పని లేని ఆర్నెల్లూ
అద్దె మూడు వాటాలేసి
నాలుగని వాడికి అబద్ధం చెప్పినవాళ్ళం.
పుస్తకంలో గడి అగ్గిపెట్టెంత ఉంది.

"స్నేహితులమండీ" అన్నాడు సుభాని.
"అది సరే. ఏమవుతారు?"
"ఇంకా ఏమీ అవలేదండీ" అంది మార్త,
"అవుదామనే తిరుగుతున్నాం."
గుమాస్తా నవ్వలేదు.
రెండు అంతస్తుల్లో రెండు గదులిచ్చి
మధ్య మెట్ల మీద కుర్చీ వేసుకున్నాడు.

రాత్రి ఉక్కకి తాళలేక డాబా ఎక్కితే
మాకంటే ముందే ఉన్నాడక్కడ,
పొట్ట మీద తడి తువ్వాలు.
జరిగి చోటిచ్చాడు.
అయిదుగురం, ఒకటే తాటాకు విసనకర్ర.
వంతులేసుకున్నాం.
ఎవరి వంతులో ఎవరు నిద్రపోయారో,
తెల్లారేదాకా గాలి మాత్రం ఆగలేదు.

పొద్దున డబ్బు కడుతుంటే పుస్తకం మావైపు తిరిగి ఉంది.
బంధుత్వం గడి దగ్గర
నాలుగు పేర్లకీ కలిపి ఒకటే బ్రాకెట్టు గీసి
రాసుంది:
కలిసొచ్చారు.

సఖినేటిపల్లి పంటు మీద
మోటారుసైకిళ్ళకీ ఐసు పెట్టెలకీ నడుమ
తాళ్ళతో కట్టిన కొత్త బీరువా ఒకటి నది దాటుతోంది.
దాని అద్దంలో సగం గోదారి, సగం మేం.
ఎండకి మాడి
ఒక్క ఇంటివాళ్ళలా ఉన్నాం.
"అక్కడా ఇలాగే ఉంటుందేమో" అన్నాడు సుభాని.
ఎవరం జవాబు చెప్పలేదు,
గాలి అప్పుడే మొదలైంది.

అవతలి రేవులోంచి ఎవరో అరిచారు,
"ఏం అమ్ముతున్నారు?"
కొండబాబు నా చెప్పు పైకెత్తి చూపించాడు.