పదకొండో షరతు

ఆదోనిలో పోలీస్ స్టేషన్ గోడకానుకొని
ఒక స్టూలు, ఒక గొడుగు, నేను.
ఊర్లో ఎవరు ఊరేగాలన్నా
ముందు నా పెన్నులోంచి నడవాల.

యాడ మొదలు, యాడ ఆఖరు,
మనుషులెంతమంది, మైకులెన్ని,
బండి మీద దేవుడా, నాయకుడా, పెండ్లికొడుకా,
బాధ్యుడెవరు, ఆయన ఫోన్ నంబరెంత.
ఇరవై ఏండ్లుగా ఇవే గడులు.
పీర్లకు రాసినా, వినాయకునికి రాసినా,
ర్యాంకులొచ్చిన పిల్లల్ని జీపెక్కించి తిప్పే
కాలేజీకి రాసినా.
అడుగున సన్నక్షరాల్లో షరతులు పదకొండు.
ఎవరూ చదవరు. నేనూ చదవను.
'అంగీకరిస్తున్నాను' అని రాసేసి
వేలు పెట్టి చూపిస్తా, ఈడ సంతకం.

పక్కీరమ్మ చదివింది.

మున్సిపాలిటీ కోటు జేబులోంచి
మనవరాలి లెక్కల నోటుబుక్కు కాయితం తీసింది.
ముప్పైయారు పేర్లు,
మూడు నెల్లుగా జీతం రాని పేర్లు.
"యాడ్నుంచి?"
"పత్తి మార్కెట్ గేటు కాడ్నుంచి."
"యాడిదాకా?"
"కమిషనర్ కుర్చీదాకా."
ఆఫీసు వరకు అని రాశాను.
నినాదాలు ముందే రాసియ్యాలంటే నాలుగు చెప్పింది.
ఎస్సై ఒకటి కొట్టేశాడు.
బూతేం కాదది, ఒక కాంట్రాక్టరు పేరు.

పదినుంచి పదిన్నర.
రోడ్డులో ఎడమ సగం.
డప్పు లేదు.
చీపుర్లు భుజానేసుకొని నడుస్తామనింది.
ఎస్సై ఏడో షరతు మీద లాఠీ కొస ఆనించాడు:
కర్రలు, కర్ర గల వస్తువులు నిషిద్ధం.

ఆ కాయితాన్ని చానా సేపు చూసింది పక్కీరమ్మ.
లాఠీ తీసినాక కూడా చూపు ఆడ్నుంచే దిగింది,
ఎనిమిది, తొమ్మిది, పది,
పదకొండు కాడ ఆగింది.
'ఊరేగింపు ముగిసిన వెంటనే రోడ్డును శుభ్రపరచు బాధ్యత
దరఖాస్తుదారునిదే.'
ముందు పెదాల్తో చదివింది, మళ్లీ గట్టిగా చదివింది,
ఆనెక నవ్వింది.
లోపల కంప్యూటర్ కొడుతున్న చేయి
ఆగిపోయేంత నవ్వు.

"ఇది ఎప్పట్నుంచి ఉండాది సామీ?"
"ఎప్పట్నుంచో."
"అందరికీనా?"
"అందరికీ."
"మరి రాత్రి మూడుకి లేసి నేనెత్తిన గులాలు,
టపాకాయల తుక్కు, నీళ్ల ప్యాకెట్లు,
తెగిపోయిన ఒంటి చెప్పులు,
అయ్యన్నీ వాళ్లు సంతకం పెట్టినయ్యా?"

ఈ ప్రశ్నకు ఫారంలో గడి లేదు.
నా చేతిరాతలోని అంగీకరిస్తున్నానులు
ఎన్ని వందలు
ఆమె నడుం మీంచి పోయినాయో
అప్పుడే లెక్కేసుకోబోయి
ఆపేశాను.

"ఏడు చూస్తే చీపురు తేగూడదు,
పదకొండు చూస్తే ఊడ్సాల.
ఏం పెట్టి ఊడ్సాల, కొంగు పెట్టా?"
దానికి వేరే అర్జీ పెట్టుకోమన్నాడు ఎస్సై.
రాసిచ్చాను.
డబ్బులు తీసుకోలేదని చెప్పుకోవాలనుంది గానీ
సగం తీసుకున్నా.
ఆ అర్జీకి జవాబింకా రాలేదు.

బేస్తవారం ముప్పైయారు మంది
ఖాళీ చేతుల్తో నడిచినారు.
చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీని నడక.
కొందరు కొంగు పట్టుకున్నారు,
కొందరు పక్కోళ్ల చేతులు.
సగం దారిలో ఒకామె అలవాటుగా వంగి
పాల ప్యాకెట్ ఒకటి ఏరింది.
పక్కీరమ్మ ఆ చేతి మీద చిన్నగా కొట్టింది,
"ఈ పొద్దు కాదు."
ప్యాకెట్ మళ్లీ రోడ్డు మీద పడింది.
మొత్తం పద్దెనిమిది నిమిషాలు.
కానిస్టేబుల్ గడియారం చూసి రాసుకున్నాడు:
ప్రశాంతం.

శుక్రవారం తెల్లారి
నా స్టూలు కింద చెడిపోయిన ఫారాలు,
కార్బన్ ముక్కలు, టీ కప్పులు.
చీపురు చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది.
"కాళ్లెత్తు సామీ."
జీతం పడిందా అన్నాను.
"ఒక నెలది."

కాళ్లెత్తబోయి
లేచి నిలబడ్డాను.