మూడంగుళాల గాలి

రాయగడలో గూడ్సు షెడ్డు ఎదర
లారీ బ్రేకులకు లైనింగు కొట్టే కొట్టు నాది.
ఘాటీ దిగొచ్చిన బండిని
కళ్లకన్నా ముందు ముక్కుతో పోల్చుకుంటాను.
కాలిన లైనింగు వాసన
మాడిన పాకంలా ఉండదు, రబ్బరులానూ ఉండదు.
భయపడ్డ మనిషి చెమటలా ఉంటుంది.

అలాంటి నా దగ్గరకి
బరంపురం పళ్ల డాక్టరు, గౌరాంగ పట్నాయక్,
రెండు సీట్ల ఎర్రబండి తోలుకొచ్చాడు.
ఇరవయ్యేడేళ్ల బండి. ఎత్తు నా నడుము దాకా.
మా కుర్రాడు డొంబురు చుట్టూ తిరిగి చూసి
"మూడోవోడు ఎక్కడ కూకుంటాడు?" అన్నాడు.

డాక్టరు గోడు ఇదీ:
గుణుపురం అవతల పాత విమానాల మైదానంలో
నెలకో ఆదివారం, టైర్లు పేర్చి మలుపులు కట్టి
గడియారం పెట్టుకు తోలుతారట.
మూడు చుట్లదాకా కాలికి రాయిలా తగిలే పెడలు
నాలుగో చుట్టుకి
నానిన అటుకుల్లో కాలేసినట్టు దిగిపోతోందట.
"ప్యాడ్లు ఖరీదైనవే వేశాను తవిటమ్మా,
ఆయిలు కూడా మార్చాను."

చక్రం విప్పాను.
డిస్కు మీద నీలం. నెమలి మెడ నీలం.
ఎంత బాగుందో. అందుకే తిట్టాను.

"ఆయిలు మరిగిపోతోంది డాక్టరూ.
మరిగితే బుడగలు. నువ్వు తొక్కుతున్నది
బుడగల్ని, బ్రేకుని కాదు."

డొంబురు బకెట్టు తెచ్చాడు.
క్లీనర్లందరికీ ముందు తట్టేది అదే.
ఒకసారి సుంకి ఘాటీ కింద అప్పలకొండ
పొగలు చిమ్మే డ్రమ్ము మీద నీళ్లు పోశాడు.
కుండ పగిలిన చప్పుడు.
ఆ రాత్రి నాలుగు లారీల దూరం వినబడింది.
వేడిని కొట్టకూడదురా.
చుట్టాన్ని పంపినట్టు సాగనంపాలి.

డిస్కు రెండు రేకుల నడుమ సన్నటి సందులున్నాయి.
తిరుగుతుంటే కడుపులోంచి గాలి పీల్చి
అంచుల్లోంచి ఊదేస్తుంది.
పీల్చడానికి గాలి అందాలి కదా?
దుమ్మురేకు అడ్డంగా కూర్చుంది, వాకిట్లో అత్తగారిలా.
దానికి కన్నం కోశాను.
బంపరులో మంచుదీపాలు పీకేశాను.
"కోరాపుట్ మంచులో ఎలా వస్తాను?" అంటే
"పగలే రా" అన్నాను.
ఆ గుంటల్లో ఆవనూనె డబ్బా కోసి గరాటులు.
గరాటు నుంచి డిస్కు కడుపుదాకా
మూడంగుళాల గొట్టం.

మొదటి గొట్టం రైసుమిల్లుది, తవుడు ఊదేది.
ఒక్క ఆదివారానికే కరిగి
చక్రానికి జీడిపాకంలా చుట్టుకుంది.
డాక్టరు ఏమీ అనలేదు. అంటే బాగుండేది.
రెండోది విశాఖ నుంచి బస్సులో వచ్చింది,
ఎర్రది, వేడికి ఓర్చేది.
స్టీరింగు రెండు కొసలకీ తిప్పి
టైరు రాసుకోకుండా ఇనపతీగతో కట్టాను.
ఆ కట్టడానికే పూట పట్టింది.

ఆదివారం, ఖాళీగా ఉన్న ఆ రెండో సీట్లో నేను.
కొంగు బొడ్లో దోపుకుని, హెల్మెట్టు కింద ముడి నొప్పెడుతూ.
నాలుగో చుట్టు. పెడలు రాయి.
ఆరు. రాయే.
తొమ్మిదిలో ఆయన నవ్వాడు,
ఆ పళ్ల డాక్టరుకి ఒక పన్ను లేదు.

ఆపగానే పెడలు మీద కాలు బిగించి కూర్చున్నాడు.
మోకాలి మీద ఒక్కటిచ్చాను.
"తియ్యి! కాలిన ప్యాడు డిస్కుని కరుచుకుంటుంది.
ఇంకో చుట్టు. మెల్లగా. బ్రేకు తొక్కకుండా."

ఆ చుట్టే నాకు గుర్తుంది.
గరాటుల్లో గాలి ఈలవేస్తోంది.
రన్‌వే పగుళ్లలో గడ్డి, అవతల కొండలు, ఒక మేకలవాడు.
ఎవరికీ తొందర లేదు.
చక్రాల్లోంచి వేడి
తనంతట తనే దిగి వెళ్లిపోతోంది.

సోమవారం పొద్దున్నే బాక్సైటు లారీ వచ్చింది,
వాసన ముందు, తరువాత హారను.
"బేగి కొట్టమ్మా, పదింటికి మళ్లీ లోడు" అన్నాడు డ్రైవరు.
డ్రమ్ము మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను.
"ముందు టీ తాగు," అన్నాను,
"రెండు తాగు."