సన్న వరుస

పెద్దాసుపత్రి గేటు పక్క బోర్డు
నా చేతి రాతే.
పసుపు మీద నలుపు,
కింద మూలన కనీ కనపడకుండా
"పీరా ఆర్ట్స్, కర్నూలు".
కార్పొరేషనోళ్లు కాగితమిచ్చి
ఒక్క అక్షరం అటూ ఇటూ పోగూడదన్నారు.
పోలేదు.

రెండు చక్రాల బండికి ఐదు రూపాయలు.
నాలుగు చక్రాలకు పదహైదు.
ఒకసారి తీసుకున్న చీటీ ఇరవై నాలుగు గంటలు చెల్లును.
సైకిలుకు, కాన్పుకొచ్చిన బండికి రుసుము లేదు.

ఆ చివరి వరుస కాడ
గుత్తేదారు మనిషి నా నిచ్చెన కిందికొచ్చి
"సాయిబూ, ఇది రొంత సన్నగా రాయి" అన్నాడు.
టీ తెప్పించినాడు. సమోసా కూడా.
సన్నగానే రాసినాను.
అబద్ధం రాయలేదు గదా అని
కుంచె కడిగిన కిరసనాయిలుతోనే
ఆ సంగతీ కడుక్కున్నాను.

ఎండాకాలం వచ్చింది.
గోడ పొడుగునా ఉన్న నాలుగు కానుగచెట్ల నీడ
సున్నపు గీతల మధ్యకు వచ్చి పడింది.
పొద్దు తిరిగే కొద్దీ నీడ జరుగుతుంది,
మద్దిలేటి కుర్చీ జరుగుతుంది,
రేటూ జరిగింది.
పొద్దున ఐదు, మిట్టమధ్యాహ్నానికి పది,
నీడలోనైతే ఇరవై.
కానుగచెట్టు టెండరులో ఉందో లేదో,
నేనైతే రాయలేదు.

మద్దిలేటిని తిట్టను నేను.
రోజుకు మూడొందల కూలి.
మాపటికి నాలుగువేలు లెక్క చూపాల,
తగ్గితే కూలిలో కోత.
ఎవరో పారేసుకున్న తాళంచెవులు
మొలతాడుకు కట్టుకొని తిరుగుతుంటాడు,
ఎప్పుడన్నా అడగడానికొస్తారేమోనని.

ఆ పొద్దు దేవనకొండ తట్టు నుంచి ఒకాయప్ప
టీవీఎస్ మీద పెండ్లాన్ని తెచ్చినాడు, నొప్పులతో.
ముందర, కాళ్లసందున, ఏడేండ్ల బిడ్డ.
లోపలికి పోతే ఒక చీటీ.
రక్తం తెమ్మంటే పోయొచ్చినాడు, ఇంకో చీటీ.
మందులకు ఇంకోటి.
నాలుగోసారి జేబులో చెయ్యి పెట్టి
చేతిని అట్లనే ఉంచేసినాడు.

ఎదురుగా బంకు కాడ నేను, టీ గ్లాసుతో.
బిడ్డ బండి దిగి
బోర్డు కింద నిలబడి చదవడం మొదలుపెట్టింది,
కూడబలుక్కుంటా, వేలు గాల్లో పెట్టి.
"రెం... డు చ... క్రా... ల..."
"చెల్లును అంటే ఏంది నాయనా?"
నాయనకు తెలీదు. ఆటో అతను చెప్పినాడు.
సన్న వరుస కాడికొచ్చి ఆగింది.
మునివేళ్ల మీద లేచింది.
కండ్లు చికిలించింది.
"కా... కా..."
కాకి అన్నారెవరో, నవ్వినారు.
నాకు నవ్వు రాలేదు.
ఆ న కింద పావత్తును
ఎంత ఇరుకులో కుక్కినానో నాకు తెలుసు.

లేచి పోయి నేనే చదివినాను. గట్టిగా.
నలభై ఏండ్లుగా ఊరంతా రాసినాను,
నా రాతను నేను నోరు తెరిచి చదివింది
ఆ ఒక్కసారే.

మద్దిలేటి పుస్తకం మూసినాడు.
మూడు పదులు లెక్కబెట్టి ఆయప్ప చేతిలో పెట్టి
"ఈ పొద్దు కోత నాకే" అన్నాడు,
నాతోనే, నా దిక్కు చూడకుండా.
లోపల ఏం పుట్టిందో
నేను అడగలేదు.

మర్నాడు బోర్డుకు అడ్డంగా
తెల్ల జీపు ఒకటి నిలిచింది.
వారం దాటినా తీయలేదు.
చీటీ లేదు దానికి.
టైర్ల కింద సున్నపు గీత చెరిగిపోయింది.

ఈ తెల్లారుజామున వచ్చినాను నేను,
సైకిలుకు నిచ్చెన కట్టుకొని.
"ఈ గోడ మీద రాయరాదు" అని
గోడ మీద రాసిందీ నేనే, మూడేండ్ల కింద.
సరిగ్గా దాని కిందే గీత కొట్టి
జానెడెత్తు "కా" దించినాను.
నలుపు ఇంకా తడిగా జారుతుండంగానే
కింద మొలతాడు తాళంచెవుల చప్పుడు.
మద్దిలేటి వచ్చి నిచ్చెన కాలు పట్టుకున్నాడు.

దించడానికో, ఊగకుండానో.
నేను కిందికి చూడలేదు.
పావత్తు రాస్తా ఉండాను.