తొంభై ఏడు శాతం నమ్మకం

గుంటూరు, బ్రాడీపేట నాలుగో లైను.
జిరాక్సు కొట్టు పైన గది.
యంత్రం చదివినదాన్ని మళ్ళీ చదవడం నా పని,
పేజీకి మూడు రూపాయలు.

ఇవాళ్టి నోటుపుస్తకం
డాక్టరేటు పూర్తికాకుండానే పోయిన
శరభలింగం గారిది.
నలభై ఏళ్ళ కిందట
తొడిమలు తీసే ఆడవాళ్ళ పక్కన గోనెపట్టా మీద కూర్చుని
వాళ్ళు పాడింది పాడినట్టు రాసుకున్నారు.
పైన తేదీ, కింద 'మూడో షెడ్డు, ఎండ.'
తెరిస్తే ఇప్పటికీ
ముందు ముక్కు చదువుతుంది, తర్వాతే కళ్ళు.

స్కానరుకి ముక్కు లేదు.
అరసున్నల్ని ఎగరగొట్టింది.
బండి ఱ ఎదురైతే
తెల్లమొహం వేసి ఖాళీ గడి పెట్టింది.
దాన్ని అనుకుని ఏం లాభం,
మనమే ఎప్పుడో వదిలేశాం వాటిని.

పదిహేడో పేజీలో మాత్రం ఆగాను.
'నా కలం కారమాయె' అని చూపిస్తోంది,
ఆకుపచ్చ రంగులో,
తొంభై ఏడు శాతం నమ్మకంతో.
పొద్దున్నే కూలికి వచ్చిన మనిషికి కలమెక్కడిది?
అసలు కాగితం కిటికీ దగ్గర పెట్టి చూశాను.
కల పక్కన
ఎండి అతుక్కుపోయిన మిరపగింజ.
అచ్చం సున్న.

తెర మీద సున్న తీసేశాను.
గింజని గోటితో గీకబోయి
ఎందుకో మానేశాను.

పాట మధ్యలో ఆయన చిన్నక్షరాల్లో రాశారు:
ఇక్కడ దగ్గింది.
ఇంకో నాలుగు చరణాల తర్వాత:
మళ్ళీ. ఈసారి చాలాసేపు.

'దగ్గులు సాహిత్యం కాదమ్మా, తీసెయ్'
అన్నారు ప్రాజెక్టు మేడం ఫోన్లో.
మంచావిడే. నెలాఖరు గడువు ఆవిడది.
తీశాను.
పాట నున్నగా అయిపోయింది,
ఊపిరి తిప్పుకోని మనిషెవరో పాడినట్టు.
మళ్ళీ పెట్టాను.

చివర్న ఫారం.
పాడినవారు: సువార్తమ్మ.
ఇంటిపేరు దగ్గర ఎర్ర చుక్క, తప్పనిసరి అట.
పుస్తకంలో లేదు.
ఆయన అడగలేదో, ఆవిడ చెప్పలేదో.
ఖాళీ వదిలితే ఒప్పుకోదు, గీత పెడితే ఒప్పుకోదు.
మూడు రూపాయల పేజీ దగ్గర
అరగంట కూర్చున్నాను.
టీ చల్లారింది.

ఇంటిపేర్లలో సగం
ఎవరో ఒకప్పుడు నిలబడ్డ చోటి పేర్లే కదా.
'మూడోషెడ్డు' అని కొట్టాను.
ఒప్పుకుంది!

మూడోషెడ్డు సువార్తమ్మ.
ఎప్పుడైనా వెతికి చూడండి,
దగ్గుతో సహా వస్తుంది.