నిన్నటి ఎండ

తెల్లారి నాలుగ్గంటలకి
పలమనేరు చలి ఆవు పొదుగు మీద కూసోనుంటాది.
చన్నీళ్లు తగిలితే చాలు, మా కర్రి
కాలు విసురుతాది, బకెట్టు దొర్లుతాది,
దిగే పాలని ఎగచేపుకుంటాది.
సొసైటీ క్యాను మాత్రం ఆరింటికే పోతాది.

ఆవుకని గ్యాసు ముట్టిస్తే
బండ నెల తిరక్కముందే ఖాళీ.
చితుకులేరుకోను ఆ గుట్టకి కంచె వేసేసినారు.

పోయిన కార్తీకంలో
మిద్దె మీద రేకు పరిచి, పైపు చుట్ట చుట్టి పెట్టినా.
మధ్యాన్నానికి చెయ్యి చుర్రుమనే నీళ్లు!
ఇరుగమ్మనీ పొరుగమ్మనీ పిలిచి చూపించుకున్నా.
తెల్లారి తిప్పితే
దానికంటే బోరు నీళ్లే నయం.

అప్పట్నించీ దాని వెంటే పడినా.

ఎండలో మేసొచ్చిన కర్రి వీపు మీద
అరచెయ్యి ఆనించినా,
పక్కనే తెల్లావు వీపు మీదా ఆనించినా.
ఇంకెవురూ చెప్పబన్లేదు.
పొయ్యి మసి వార్నీషులో కలిపి
రేకుకి రెండు పూతలు.

కాదర్ బాషా గుజిరీలో ఓ అద్దం దొరికింది,
కూలగొట్టిన టూరింగు టాకీసుది.
ఎర్ర రంగుతో ‘టికెట్లు లేవు’ అని ఉండాది.
బ్లేడుతో గోకితే ‘లేవు’ పోయింది,
‘టికెట్లు’ పోలేదు.
పోకపోతే పోనీ అని
రేకు మీద బిగించి, సైకిలు ట్యూబు కోసి అంచులు మూసినా.
ఇంక గాలి వచ్చి దోచుకోలేదు.

డ్రమ్ము మామిడి గుజ్జు ఫ్యాక్టరీది.
దాన్ని కింద పెట్టి నెల పోగొట్టుకున్నా.
వేడి ఎక్కేదే గానీ దిగేది కాదని
నీళ్లకి తెలుసు, నాకు తెలీలే.
ఎత్తు మీద రాళ్లు పేర్చి పైకి లేపినా,
అంతే,
మోటరు లేదు, కరెంటు లేదు,
ఎద్దు లేని గానుగ మాదిరి
నీళ్లు తమంతట తామే తిరగతా ఉండాయి.

రాత్రి చలికి ఏం చెయ్యల్లో
ఆ డ్రమ్ము వాసనే చెప్పింది.
కాయలు మాగేసేవాళ్లం కాదా గడ్డిలో,
గాలి చొరకుండా, మధ్యలో తెరవకుండా?
మా తమ్ముడు ఎత్తిరాజులు మిల్లు నించి తెచ్చిన
శెనక్కాయ పొట్టు నాలుగు గోతాలు
చుట్టూ కూరి, పైన ఇంకో గోతం కప్పి,
ఎండని మాగేసినా.

ఈ పొద్దు నాలుగ్గంటలకి కొళాయి తిప్పితే
కాగే నీళ్లేం కావు.
గోరువెచ్చన,
అంతే.
గుడ్డ ముంచి పొదుగుకి అద్దినా.
కర్రి నెమరాపింది.
తల తిప్పి నన్ను చూసింది.
ఆ చీకట్లో, ఆ మంచులో
నిన్నటి మిట్టమధ్యాన్నం దాని పొదుగు కింద నిలబడి ఉండాది.
చేపింది.

డ్రమ్ము మూతి దగ్గర
చుక్క చుక్క కారతానే ఉండాది.
దాని సంగతి ఎండెక్కినాక.