గీతకు అవతల

చిటెంగె గుడ్డ కొసన ముడేసి తెచ్చింది న్సోఫ్వా,
అగ్గిపెట్టెలో, దూది మీద, కొడుకు పాలపన్ను.
"చిటాలుకి ఏడేళ్లు. అంకెలు బుర్రలో నిలవవు.
ఇంటికప్పు మీదికి విసురుతానని ఏడ్చాడు.
నేనే లాక్కున్నాను."

లుసాకాలో ఆ పూట కరెంటు ఉంది.
పన్నును నిలువునా కోసి
అద్దంలా నునుపు చేసి లేజరు కింద పెట్టాను.
రెప్పపాటును కోటి ముక్కలు చేస్తే
అందులో ఒక్క ముక్క సేపు, ఒక్కో దెబ్బ.
పంటి మీద ఆవగింజంత సూర్యుడు పుట్టి పోతాడు.
పోతూ పోతూ తనలో ఏమేం కాలిందో
రంగుల్లో చెప్పి పోతాడు.
మంటకు మొహమాటం లేదు.

ముందు కాల్షియం గీతలు లేచాయి,
పెళ్లివారిలా గుంపుగా, గోలగా.
వాటి సందున పిలవని చుట్టంలా
ఊదారంగులో ఒక్క సన్నటి గీత.
సీసం.
ఇన్నేళ్లలో అంత అందమైన రంగు చూడలేదు నేను.
చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

పంటికీ చెట్టులాగే వలయాలుంటాయి.
నడుమ ఒక ముదురు చార,
బిడ్డ తొలిసారి ఏడ్చిన రోజు.
న్సోఫ్వా అడిగినవన్నీ ఆ చారకు ఇవతలివి:
కిట్వే కొళాయి నీళ్లా? గోడ రంగా? కొత్త గిన్నెలా?
ఇవతల ఊదాగీత పలచబడి, పలచబడి, ఆరిపోయింది.

ఉన్నదంతా అవతలే.

"మీరెక్కడ పెరిగారు?"
"కాబ్వేలో. గని అప్పటికే మూసేశారు.
రేకుముక్క మీద కూర్చుని నల్లదిబ్బ మీంచి జారేవాళ్లం.
బూడిదలో పొర్లిన కోడిపిల్లవే అని
అమ్మ గుమ్మంలోనే దులిపేది."
నవ్వింది.
నవ్వు సగంలో నా ముఖం చూసింది.

ఎముక మంచిదీ చెడ్డదీ ఎంచదు, దాస్తుంది.
ఏళ్ల తర్వాత కడుపులో బిడ్డ
ఇంత సున్నం పెట్టమని అడిగితే
ముడి విప్పి, చేతికొచ్చినదల్లా ఇచ్చేస్తుంది.
పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న వాక్యం ఇది,
గొంతులో ముల్లులా అడ్డంపడింది.

నీళ్లు కాదన్నాను.
గోడ కాదు.
గిన్నెలు కాదు.
చాలాసేపు తెర మీది గీతనే చూసి
"అయితే నేను" అంది.
తప్పు మీది కాదు, అన్నాను. విన్నట్టు లేదు.

వెళ్లేముందు మిగిలిన సగం పన్ను అడిగింది.
"కప్పు మీద వేస్తానని మాటిచ్చాను వాడికి."
దూది మీద పెట్టి ఇచ్చాను.
కోసిన వైపు, వరుసగా,
సూది మొనలంత గుంటలు.